శాస్త్రాల సంతలో సరంగు

నీలకూటం మీద శతశాల విద్యాపీఠాన్ని చూసినవాడికి ముందు కలిగేది భక్తి కాదు, అయోమయం. నూరు శాలలు, నూరు శిఖరాలు. ఒక శిఖరం మీద రాగి నెమలి గాలివాటున తిరుగుతుంటే, మరొక శిఖరం మీద నీటిగడియారం ఘడియకొకసారి గంట కొడుతుంది. పాలరాతి మెట్లకు రెండువైపులా సంపెంగలు విరగబూస్తాయి. ఒక అరుగు మీద గాజుగూళ్ళలో పట్టుపురుగులు, మరొక అరుగు మీద తీగలు ఊడిన వీణలు, ఆకాశం వైపు నోళ్ళు తెరిచిన ఇత్తడి గొట్టాలు, పొయ్యి మీద కుతకుతలాడే పాకాలు. అక్కడి ఆచార్యులు ఏడాదంతా ఎవరి శాలలో వాళ్ళు తలుపులు బిడాయించుకుని ఉంటారు. ఒకే ఒక్కరోజు అందరూ ఒకచోట చేరి, తాము కనిపెట్టింది ఒకరికొకరు చెప్పుకుంటారు. కొండకింది జనం దాన్ని శాస్త్రాల సంత అంటారు. ఆ సంతలో కొనేవాళ్ళుండరు, అందరూ అమ్మేవాళ్ళే.

ఆ ఏటి సంతకు మధ్యాహ్నం వేళ ఒక దొంగ ఆచార్యుడు మెట్లదారి పక్కనున్న బండిబాటన ఎక్కి వచ్చాడు. పేరు మందరుడు. ఫేనవతి నది మీద హేలాపురి రేవులో పడవ నడిపే సరంగు. మొహాన ఉన్న గడ్డం అతనిది కాదు, భుజాన ఉన్న శాలువా అతనిది కాదు, చంకలో ఉన్న తాటాకుల కట్ట అసలే అతనిది కాదు. గడ్డం పెట్టుడుది, మిగతావి నౌకాశాస్త్ర పండితుడు జలంధరభట్టువి. సభకు వస్తూ వస్తూ ఆ పెద్దాయన రేవులో చలిజ్వరం తగిలి మందరుడి గుడిసెలో పడకేశాడు. మందరుడి కష్టం విని, తన ముద్రిక చేతిలో పెట్టి, "తక్కువ మాట్లాడు నాయనా. అక్కడ తక్కువ మాట్లాడేవాడంటే అందరికీ జంకు" అని చెప్పి పంపాడు.

మందరుడి వెనక ఒక కంచరగాడిద నాలుగు చక్రాల బండిని ఈడ్చుకొస్తోంది. బండి మీద నీలిపట్టు కప్పిన నిలువెత్తు వస్తువు. ఆ పట్టు కింద ఉన్నది హేలాపురి రాకుమారి కువలయ.

మూడు వారాల కిందట కంకాళకేతుడనే మాంత్రికుడు ఆమెను పెళ్ళాడతానని కొలువుకు వచ్చాడు. ఆమె నిండు సభలో కాదు పొమ్మంది. మూడోనాడు ఎవరో యోగి వచ్చి, ఆమె పాదాలకు పూలదండ చుట్టి, దీవించి వెళ్ళాడు. ఆ మర్నాటికి ఆమె కాలిగోళ్ళు స్ఫటికమయ్యాయి. రోజుకు బెత్తెడు చొప్పున స్ఫటికం పైకి పాకి మోకాళ్ళు, నడుము, గుండెలు దాటింది. ఇవాళ మరీ వేగంగా పాకుతోంది, సూర్యుడు కుంకేసరికి నడినెత్తి చేరుతుంది. ఆ తరువాత ఆమె బొమ్మే. రాజవైద్యులు చేతులెత్తేసి, శతశాలలో తప్ప దీనికి విరుగుడు దొరకదన్నారు. కోటలో ఎవడు మాంత్రికుడి మనిషో తెలియక, కువలయ తనను చిన్ననాటినుంచి నది దాటిస్తున్న సరంగును పిలిపించుకుంది. మందరుడికి ఆమె అంటే ప్రాణం. ఆ సంగతి ఆమెతో ఎన్నడూ అనలేదు, అనే అంతస్తు తనది కాదనుకున్నాడు.

"అమ్మగారూ, కాస్త ఓపిక పట్టండి. వచ్చేశాం" అన్నాడు పట్టు దగ్గరికి వంగి.

"ఓపిక తప్ప నాకింకేం మిగిలింది మందరా? చేతులు కూడా లేవు" అని లోపలినుంచి సన్నగా వినిపించింది.

ద్వారపాలకుడు ముద్రిక చూసి, "తమరి పరిశోధన?" అన్నాడు.

"బండి మీదుందండి."

"ఏ శాస్త్రం?"

మందరుడికి తక్కువ మాట్లాడమన్న మాట గుర్తొచ్చి, ఊరికే కళ్ళు మూసుకున్నాడు. ద్వారపాలకుడు రెండడుగులు వెనక్కి వేసి, నమస్కరించి, బండిని లోపలికి వదిలాడు.

సభామండపం కోనేరంత గుండ్రంగా ఉంది. వెయ్యి స్తంభాలు, నడుమ చంద్రకాంత శిలావేదిక, పడమటి గోడకు ఏనుగు పట్టేంత కిటికీ. ఆ కిటికీలోంచి ఎండ ఏటవాలుగా నేలమీద పడి, చూస్తుండగానే జరిగిపోతోంది. మందరుడు ఆ ఎండనే కళ్ళప్పగించి చూస్తూ బండిని వేదిక పక్కన నిలబెట్టి, గాడిదను విప్పి బయటికి తోలాడు.

అధ్యక్షపీఠం మీద నాదశాస్త్ర ఆచార్యురాలు శ్రుతకీర్తి కూర్చుంది. ఎనభై ఏళ్ళ పండుముసలి. ఆమె చేతికర్ర నేలకు తాటించగానే గుసగుసలు ఆగాయి.

"మన ఆచారం మళ్ళీ చెబుతున్నాను. ఇక్కడ తెలిసింది చెప్పి దిగిపోవడానికి వీల్లేదు. తెలియనిది ఒకటి చెప్పి దిగాలి. మీకు తెలియనిది పక్క శాస్త్రంలో తెలిసి ఉండవచ్చు. పీఠం బయటినుంచి వచ్చినవారు అందరినీ విన్నాకనే నోరు విప్పాలి."

అందరినీ అంటే ఎందరు? మందరుడు లెక్కపెట్టబోయి నలభై దగ్గర మానుకున్నాడు.

మొదట పాకశాస్త్ర ఆచార్యుడు పాకనిధి లేచాడు. బొద్దుగా ఉంటాడు, మొలలో గరిటె దోపుకుంటాడు. "పంచదార పాకంలో నున్నటి గాజుకడ్డీ వేలాడదీస్తే కలకండ కట్టదు. నూలుదారం వేలాడదీస్తే మూడోనాటికి ఇంత లావున కడుతుంది. ఇది మా అవ్వకూ తెలుసు. ఏడాదంతా నేను తేల్చింది ఇదీ. గడ్డకట్టాక మెల్లగా దారం లాగేస్తే, కలకండ పలుకులు పలుకులుగా విడిపోతుంది. దాని ప్రాణమంతా ఆ దారంలోనే. ఇక నాకు తెలియనిది. దారం ఎక్కడుందో పాకానికి ఎలా తెలుస్తుంది?"

"దానికి తెలియడమేమిటండీ మీ మొహం!" అని కీటకశాస్త్ర ఆచార్యుడు ఊర్ణనాభుడు ఎగిరి లేచాడు. వెదురుబద్దలా ఉన్నాడు, భుజం మీద ఒక గొంగళిపురుగు తీరిగ్గా నడుస్తోంది. "మా పట్టుగూడును చూడండి. ఎంత పెద్ద గూడైనా దారం ఒక్కటే. కొస దొరికిందా, గూడు మొత్తం విప్పేయొచ్చు. మధ్యలో తెగిందా, ఆ కొస గూట్లోనే కూరుకుపోయి మరి చేతికి రాదు. నాకు తెలియనిదల్లా ఒకటే. తన గూడు ఎవరో విప్పుతున్నారని లోపలి పురుగుకు తెలుస్తుందా?"

"నేను కలకండ సంగతి చెబుతుంటే మధ్యలో పురుగేమిటయ్యా?"

"మీ కలకండలో చీమ కనిపించినప్పుడు నన్నే కదా పిలిచారు!"

ఇద్దరూ చెరొక వైపునుంచి అరుస్తుంటే మందరుడు అటొకసారి ఇటొకసారి చూసి, చూసి, మెడ పట్టేసి నేల చూశాడు. అన్నీ తెలుగు మాటలే. ఒక్కటీ తలకెక్కడం లేదు. రాకుమారి ప్రాణం మీదికి వస్తే వీళ్ళు మిఠాయి గురించి, పురుగుల గురించి కొట్టుకుంటున్నారేమిటి? ఇది విద్యాపీఠమా, పిచ్చివాళ్ళ సత్రమా?

"పెద్దలు మన్నించాలి" అని పడమటి కిటికీ దగ్గరనుంచి తేనెలాంటి గొంతు వినిపించింది. ఖగోళశాస్త్ర ఆచార్యుడు గ్రహగుప్తుడు. ఆ ఏడే కొత్తగా పీఠానికి వచ్చాడు. వెండిగడ్డం, ఆరడుగుల విగ్రహం, కుడిచెయ్యి శాలువా మడతల్లో. "తొందర వద్దు. అసలు కలకండ అన్నదానికి నిర్వచనం ముందు తేల్చుకుందాం."

తేల్చుకోవడానికి ఒక ఘడియ పట్టింది. ఎండ మూడు స్తంభాలు దాటిపోయింది.

"మందరా... గడ్డానికి వచ్చేసింది..." అంది పట్టు కింది గొంతు. ఆ తరువాత ఆ గొంతు వినిపించలేదు. మందరుడు పట్టులోపలికి చెయ్యి పెట్టి చూశాడు. పెదవులు చల్లగా, గట్టిగా తగిలాయి. అతనికి ఏడుపు తన్నుకొచ్చింది.

శ్రుతకీర్తి తన వంతు తీసుకుని, ఒక గాజుగిన్నె అంచును తడివేలితో రాసింది. తుమ్మెద రొద లాంటి నాదం మండపమంతా కమ్ముకుంది. "గట్టిగా, పైస్వరంలో పాడితే గాజు పగులుతుంది, అందులో ఉన్నదీ పగులుతుంది. ఇలా అడుగుస్వరం పట్టి ఉంచితే గాజు చెక్కుచెదరదు. దానికి పట్టిన ఉప్పుపొర మాత్రం వదులై రాలుతుంది. వదులుకూ పగులుకూ నడుమ హద్దు ఎక్కడో నాకు తెలియదు" అని, గ్రహగుప్తుడికి సైగ చేసింది.

గ్రహగుప్తుడు సూర్యగమనం అందుకున్నాడు. చెప్పాడు, చెప్పాడు, చెబుతూనే ఉన్నాడు. ఆవలింతలు ఒక వరుసనుంచి ఇంకో వరుసకు పాకాయి. చివరికి శ్రుతకీర్తే, "మీకు తెలియనిది?" అని అడిగింది.

"నాకు తెలియనిది ఏదీ లేదు. కనుక తెలిసినదే మరికొంత విన్నవిస్తాను."

సభ గొల్లుమంది. శతశాల కట్టిననాటినుంచి అంతమాట అన్నవాడు లేడు. ఎండ ఆఖరి స్తంభాన్ని తాకడం చూసి మందరుడు ఇక ఆగలేకపోయాడు. ఆచారం గీచారం పక్కన పెట్టి వేదిక ఎక్కేశాడు.

"అయ్యల్లారా, అమ్మల్లారా! నాకేం తెలీదండీ. ఇందాకట్నుంచి మీరు చెప్పిందాంట్లో ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను పండితుణ్ణి కాదు, పడవవాణ్ణి. ఈ గడ్డం కూడా నాది కాదు" అని గడ్డం పీకి అవతల పారేశాడు.

సభలో చప్పట్లు మారుమోగాయి.

"ఎంత సరళమైన శైలి!" అన్నాడు ఊర్ణనాభుడు కళ్ళు తుడుచుకుంటూ.

"పడవ అంటే ఇక్కడ దేహమని నా అభిప్రాయం" అన్నాడు పాకనిధి.

"గడ్డం మాట?"

"అదింకా ఆలోచించాలి."

మందరుడికి ఒళ్ళు మండిపోయింది. పట్టుగుడ్డ పట్టుకుని ఒక్క లాగు లాగాడు. సాయంకాలపు ఎండ పడి స్ఫటికం మెరిసింది. పాదాలనుంచి పెదవులదాకా నీళ్ళంత తేటగా ఉంది. "ఆహా, ఏ శిల్పి చేయి!" అంటూ నలుగురు ముందుకు వచ్చారు. ఒకాయన కొలబద్ద కూడా తీశాడు. అప్పుడు ఆ శిల్పం కంటినుంచి నీటిబొట్టు జారి కిందపడింది. కొలబద్ద ఆయన చేతిలోంచి జారింది.

"బతికున్న మనిషండీ బాబూ! పొద్దు కుంకితే ఉండదు! ఎలా విప్పాలో నాకు తెలీదు. నాకు తెలియనిది ఇదే! జవాబు చెప్పండి!"

మరి చూడాలి ఆ సభను. ఇందాక ఆవలించినవాళ్ళే ఒకరినొకరు తోసుకుంటూ బండిని చుట్టేశారు. శ్రుతకీర్తి గోటితో మీటి, "బోలుగా లేదు, లోపల నిండుగా మనిషే ఉంది" అంది. పాకనిధి నాలుకతో తాకి చూసి, "చప్పగా ఉంది కానీ కట్టడం మాత్రం కలకండ కట్టడమే" అన్నాడు. అంతా ఒక్కసారి మాట్లాడుతున్నారు, ఎవరి మాట ఎవరికీ వినిపించడం లేదు. ఆ గోలలో మందరుడికి ఎక్కడో ఒక చిన్న దీపం వెలిగింది.

"పాకనిధిగారూ! కలకండ కట్టాలంటే దారం ఉండాలన్నారు కదా? రాకుమారిగారి కాళ్ళకు ఆ యోగి పూలదండ చుట్టాడు. పూలు మర్నాడే వాడి రాలిపోయాయి. దారం ఏదీ?"

అందరూ ఆమె పాదాల దగ్గర గొంతుక్కూర్చున్నారు. ఊర్ణనాభుడు భుజం మీది గొంగళిపురుగును తీసి స్ఫటికం మీద వదిలాడు. పురుగు మడమ దాకా పాకి, అక్కడ గాలిలోకి అడుగువేసి, ఏమీ లేనిచోట నడవడం మొదలుపెట్టింది.

"దారం ఉంది! కంటికి కనిపించనంత సన్నం!" అని ఊర్ణనాభుడు గంతేశాడు. "బయటి కొస ఎవరి చేతిలోనో ఉంది!"

గొంగళిపురుగు రెండు మూరలు నడిచి, కంగారుపడి కిందపడింది. దారం ఎటు పోయిందో అంతు చిక్కలేదు. ఆ మండపంలో దారం లేనివాడు ఎవడు? తాళపత్రాలు కట్టిన దారాలు, వీణల తీగలు, పట్టుపోగులు, కలకండ నూలు, మెడల్లో జంధ్యాలు, గొట్టాలకు వేలాడే కొలతల తాళ్ళు. "నీ దగ్గరే ఉంది!" "కాదు నీ దగ్గరే!" అంటూ ఆచార్యులు ఒకరి శాలువా ఒకరు లాగసాగారు. వ్యాకరణశాస్త్రం గణితశాస్త్రాన్ని జుట్టు పట్టుకుంది. వీణ తీగల్లో కాలు చిక్కుకుని పాకనిధి బోర్లాపడ్డాడు. స్ఫటికం కువలయ ముక్కు దాటి కళ్ళ కిందికి వచ్చింది.

ఎన్ని పడవలు, ఎన్ని తాళ్ళు! రేవులో తెల్లవారితే చిక్కుపడిన తాళ్ళతోనే మందరుడి బతుకు. ఏ తాడు ఏ పడవదో తెలియనప్పుడు సరంగులు ఒక్కొక్క ముడి విప్పుతూ కూర్చోరు. పడవను తోస్తారు, ఏ కొయ్య దగ్గర తాడు బిగుస్తుందో చూస్తారు. మందరుడు శాలువా పారేసి, బండి వెనక్కి దూకి, భుజం ఆనించి బలంకొద్దీ తోశాడు. చక్రాలు కిర్రుమన్నాయి. బండి ఆరు బారలు దూసుకుపోయింది.

కిటికీ దగ్గర గ్రహగుప్తుడు ఎవరో చెయ్యి పట్టి గుంజినట్టు ముందుకు తూలి మోకాళ్ళ మీద పడ్డాడు.

శాలువా మడతల్లోంచి కుడిచెయ్యి బయటపడింది. చూపుడువేలికి దారం కోసుకుపోయి నెత్తురు కారుతోంది. వెండిగడ్డం నల్లబడింది, కళ్ళు నిప్పుకణికలయ్యాయి. ఖగోళశాస్త్రం పోయి కంకాళకేతుడు మిగిలాడు.

"సరంగూ! దాటించడం నీ పని, విప్పడం కాదు!" అని హుంకరించి మొలలోంచి వంకరకత్తి దూశాడు. "ఈ దారం కోశానా, ఇది యుగయుగాలకూ బొమ్మే!"

కత్తి లేచింది. మందరుడు మూడంగల్లో మండపం దాటి, మాంత్రికుడి వేలికీ కత్తికీ మధ్య ఖాళీగా కనిపించిన గాలిని దొరకబుచ్చుకున్నాడు. చేతికి దారం చల్లగా తగిలింది. తాడును చేతికి చుట్టుకోవద్దని, చుట్టుకున్నవాణ్ణి నది తనతో తీసుకుపోతుందని తండ్రి అతనికి నడక రాకముందే నేర్పాడు. మందరుడు దారాన్ని ముంజేతికి నాలుగు చుట్లు చుట్టేశాడు. మరో చేత్తో కత్తిపట్టిన మణికట్టును విరిచాడు. కత్తి ఎగిరి కిటికీలోంచి లోయలో పడింది.

కంకాళకేతుడు కోపంతో అరవలేదు, పగలబడి నవ్వాడు. "లాగు సరంగూ, లాగు! బాగా చుట్టుకుని మరీ లాగు!" అంటూ నల్లటి డేగగా మారి కిటికీలోంచి ఎగిరిపోయాడు. కనిపించని దారపు చివరి కొస వాడి కాలిగోటికే ఉంది.

ఆ నవ్వు ఎందుకో ఆలోచించే తీరిక లేదు. సూర్యబింబం సగం మునిగింది.

"అమ్మా, మీ అడుగుస్వరం!" అని అరిచాడు మందరుడు. శ్రుతకీర్తి గిన్నె కోసం చూడలేదు. తన ఎనభై ఏళ్ళ గొంతే ఎత్తి మంద్రషడ్జం పట్టింది. స్ఫటికం మీద సన్నటి పొడి లేచింది.

"మెల్లగా! పలుకు విడిచాక లాగు!" అన్నాడు పాకనిధి పడినచోటినుంచే.

"తెంపకు నాయనా, తెంపకు! ఒకటే దారం!" అని ఊర్ణనాభుడు రెండు చేతులూ జోడించాడు.

ఎదురునీటిలో పడవను ఒడ్డుకు లాగినట్టు మందరుడు లాగాడు. తొందరపడకుండా, ఒకే బిగువున, మూర తరువాత మూర. నుదుటి దగ్గర స్ఫటికం పెటిల్లుమని పెచ్చుగా ఊడింది. పెదవులు విడిచాయి, భుజాలు విడిచాయి. ఎండ నేలమీదినుంచి చెరిగిపోతుండగా పాదాల చుట్టూ చివరి పలుకులు జలజలా రాలాయి. కువలయ బండి మీదినుంచి తూలి, కిందపడకుండా నిలదొక్కుకుని, నిండుగా ఊపిరి పీల్చుకుంది. సభ అంతా ఆనందంతో గోలపెట్టింది. ముసలి శ్రుతకీర్తి చిన్నపిల్లలా ఏడ్చేసింది.

మందరుడు మాత్రం తన చేతిని చూసుకుంటున్నాడు. అయిదు గోళ్ళూ నీళ్ళంత తేటగా మెరుస్తున్నాయి.

"దారం మారలేదు, మనిషి మారాడు" అన్నాడు పాకనిధి నీరసంగా. "ఇంకో కొస ఆ డేగ కాలికి ఉన్నంతకాలం ఇంతే."

"రోజుకు బెత్తెడేనా, లేక మగవాడికి వేగం వేరా?" అన్నాడొకాయన. "ముందు బెత్తెడుకు నిర్వచనం..." అన్నాడు ఇంకొకాయన. కొలబద్ద మళ్ళీ బయటికి వచ్చింది. క్షణంలో సభ రెండుగా చీలి వాదులాడుకోసాగింది.

కువలయ వాళ్ళ మాట వినలేదు. మందరుణ్ణి రెక్క పట్టుకుని బండి మీదికి తోసి, తానూ ఎక్కి, కాలితో నేలను ఒక్క తన్ను తన్నింది. గాడిద లేని బండి మండపం దాటి కొండదారిన పడింది. ఆమెది రథం తోలిన చెయ్యి కాబట్టి బండి నొగలు పట్టుకునే మలుపులు తిప్పింది. మూడు మలుపుల్లో మూడు చక్రాలు ఊడాయి, నాలుగోది వాళ్ళకంటే ముందు కొండకింది రేవు చేరింది. ఇద్దరూ లేచి ఇసుక దులుపుకుని తాము వచ్చిన పడవలోకి దూకారు.

మందరుడు గడ అందుకోబోయాడు. వేళ్ళు ముడుచుకోలేదు. కువలయ అతని చేతిలోంచి గడ లాగేసుకుంది. పుట్టి బుద్ధెరిగి ఆమె దాన్ని పట్టుకోలేదు. పడవ గిర్రున రెండుసార్లు తిరిగి, వచ్చిన ఒడ్డుకే తగిలింది.

"ఎటు పోవాలి మందరా?"

"దారం లాగుతున్న వైపు, అమ్మగారూ. ఎగువకి. గడ అడుగు తగిలిందాకా దింపండి, అప్పుడు మీ బరువంతా దానిమీద వెయ్యండి."

పడవ ఈసారి తిన్నగా కదిలింది. దూరాన ఎర్రటి ఆకాశంలో ఒక నల్లచుక్క కొండల వెనక్కి దిగుతోంది.

"నొప్పిగా ఉందా?" అంది కువలయ.

"అబ్బే, ఏం లేదండీ. కాస్త చల్లగా ఉంది, అంతే."

ఆమె గడ ఆపి అతని మొహంలోకి చూసింది. "మొదటిరోజు మా అమ్మతో నేనూ ఇదే చెప్పాను" అంది.

ఆమె మళ్ళీ అతని చేతివైపు చూడలేదు. పైటకొంగు నడుముకు బిగించి, గడను అడుగంటా దింపి, ఎదురునీటిలోకి పడవను తోసింది.